అరబ్బీ కవిత్వమున జన్మభూమి

దేశభక్తిని గూర్చి వ్రాయబడిన పద్యములు అన్ని భాషలయందును లెక్కకు మిక్కిలిగా నున్నవి. వానిలో పెక్కింటిని సభలో వినునపుడు కరతాళధ్వనులు చేయుదుము. ఇల్లు చేరునప్పటికి మరచిపోవుదుము. ఆ కవులకు దేశముపై ప్రేమ లేదని మేము చెప్పజాలము. ప్రేమ యున్నది; కాని యా ప్రేమను పేరుపెట్టి చెప్పుటతోనే తమ పని తీరినదని వారు తలంచిరి. శోకమను మాట వినినంతమాత్రమున శోకము కలుగదనియు, శృంగారమను పదమును వాడినంతనే శృంగారరసము పుట్టదనియు మన యాలంకారికులు వేయేండ్లనాడే నిర్ణయించిరి. రసము ధ్వనింపవలయునేగాని వాచ్యము కారాదని ఆనందవర్ధనుడు స్థాపించెను. దానిని దాని పేరుతోనే చెప్పుట దోషమని మమ్మటుడు కావ్యప్రకాశమున లెక్కించెను. ఈ నియమము సంస్కృతాంధ్రములకు మాత్రమే చెల్లునది కాదు. గడచిన నూరేండ్లలో అరబ్బీ భాషయందు జన్మభూమిని గూర్చి వెలువడిన కవిత్వమును పరిశీలించినచో, మన శాస్త్రకారుల మాటకు బలమైన సాక్ష్యము అచ్చట దొరకుచున్నది.

అరబ్బు దేశములనగానే మనవారిలో పెక్కురకు ఎడారియు, ఒంటెయు, నూనెబావులును మాత్రమే స్ఫురించును. ఇరువదవ శతాబ్దమున ఆ జాతులు పరపాలనమును, దారిద్ర్యమును, స్వదేశీయ నియంతల నిర్బంధమును, ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకొనిపోవుటను అనుభవించినవి. వారి గొప్ప కవులలో చెరసాలయో, ప్రవాసమో యెరుగనివారు కొలదిమంది. 1947కు పూర్వము మన పెద్దలు పడిన బాధలలో కొన్ని వారికిని తెలియును. మన పెద్దలు పడనివియు వారు పడిరి. అట్టివారు తమ దేశమును గూర్చి యెట్లు మాటలాడిరో తెలిసికొనుట మనకు అప్రస్తుతము కాదు.

అరబ్బీలో స్వదేశమునకు వతన్ అని పేరు. ఈ మాట మనకు క్రొత్తది కాదు. నిజాము రాష్ట్రమునను, మహారాష్ట్రమునను వంశపారంపర్యముగా గ్రామాధికారమును, దానికి చేరిన భూమిని అనుభవించినవారిని వతనుదారులనిరి. ఆ వతను ఈ వతనే. పారసీకముద్వారా మనయొద్దకు వచ్చినది. అరబ్బీ నిఘంటువులలో దీనికి మొదట చెప్పబడిన యర్థము మనుష్యుడు నివసించు చోటు. పసులును, గొఱ్ఱెలును మరగి పరుండు తావునకును ఆ పేరే చెల్లినది. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా రాజ్యభావములతో సంపర్కము కలిగిన పిమ్మట ఆ మాటకు జాతి యంతయు నివసించు దేశమను విశాలార్థ మేర్పడినది. రాజకీయవాదులు ఆ విశాలార్థమును పట్టుకొనిరి. కవులలో శ్రేష్ఠులు మాత్రము పదమును తిరిగి దాని పాత యర్థమునకే, అనగా మనుష్యుడు పడుకొని లేచిన చోటికే దించుకొనిరి. వారి కవిత్వమునకు గల బలమంతయు ఈ దించుకొనుటలోనే యున్నదని మా యభిప్రాయము.

ఇందుకు వారికి ప్రాచీన సంప్రదాయము తోడ్పడినది. ఇస్లామునకు పూర్వమునుండియు కసీదా యను దీర్ఘకవితకు ఒక యుపక్రమము నియతమై యున్నది. ప్రియురాలి కూటమి విడిది యెత్తి వెడలిపోయిన చోట కవి తన వాహనమును నిలుపును. అచ్చట మిగిలినవి యేమి? మసిబారిన పొయ్యిరాళ్ళు, వాననీరు చొరకుండ గుడారముచుట్టును త్రవ్విన కాలువ, ఇసుక కప్పుచున్న గుర్తులు. ఇమ్రుల్ ఖైసు మొదలైన ప్రాచీనులు తమ గుండె పగిలినదని పదేపదే చెప్పుకొనిన దానికంటె ఆ పొయ్యిరాళ్ళను చూపుటవలననే శ్రోతలను ఏడ్పించిరి. మన శాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న, అవి ఉద్దీపన విభావములు. శిథిలములయొద్ద నిలుచుట యను ఈ యాచారము వేయిన్నర యేండ్లుగా అరబ్బీ కవికి పెట్టుబడియై యున్నది.

వారి ఛందఃపరిభాషయు గమనింపదగియున్నది. పద్యపంక్తిని వారు బైత్ అందురు. బైత్ అనగా ఇల్లు, గుడారము. పంక్తిలో సగమునకు మిస్రా అని పేరు. అనగా జంట తలుపులలో నొక రెక్క. మనము పద్యమునకు పాదములు కల్పించి దానిని నడిపించితిమి. వారు తలుపులు పెట్టి దానిని ఇల్లు చేసికొనిరి. ఇల్లు పోయినవాడు పద్యము కట్టుట ఆ భాషలో ఒట్టి యుపమానము కాదు.

ఆధునికులలో మొదట చెప్పదగినవాడు ఈజిప్టు కవి అహ్మద్ షౌకీ. 1868లో కైరోలో జన్మించి, 1927లో కవిరాజను బిరుదమును పొంది, 1932లో మరణించెను. ఆయన రాజాస్థాన కవి. మొదటి మహాయుద్ధమున ఆంగ్లేయులు ఈజిప్టు ప్రభువును తొలగించినపుడు, 1915లో షౌకీకిని దేశబహిష్కారము విధింపబడెను. ఆయన స్పెయినులోని బార్సిలోనా రేవుపట్టణమున కాలము గడపెను. తొమ్మిదవ శతాబ్దపు బుహ్తురీ పారసీక చక్రవర్తుల శిథిలసౌధమును జూచి చెప్పిన కవితకు అనుసరణముగా, షౌకీ అండలూసియాలోని అరబ్బు శిథిలముల నడుమ నిలిచి ఒక కసీదా రచించెను. అందలి సౌధవర్ణనము పాండిత్యశోభితమే. కాని చదువరిని పట్టి నిలుపునది మరియొకటి. రాత్రి మొదటి జామున రేవులో ఆవిరియోడలు కూయగానే కవి గుండె ఎగిరిపడును. ఆ యోడలలో నేదియో నైలునదివైపు పోవుచున్నది. తానుమాత్రము దానిలో లేడు. దేశముపై మమకారమును గూర్చి ఎన్ని శ్లోకములు చెప్పినను ఈ యొక్క ఓడకూత చేసినపని చేయజాలవు. దూరప్రయాణము చేయలేక రైలు కూతను విని యిట్టూర్చిన వారెవరికైనను ఇది వ్యాఖ్యానము లేకయే బోధపడును.

ఇచ్చట ఒక యాక్షేపము రాగలదు. జాతీయగీతములు దేశమును పేరుపెట్టియే కీర్తించుచున్నవి గదా, అవి జనులను కదలింపలేదా యని కొందరడుగుదురు. కదలించినవి, అందు సందేహము లేదు. పాలస్తీనాలోని నాబ్లసు కవి ఇబ్రహీం తూకాను 1930ల దశకమున వ్రాసిన మౌతినీ యను గీతమును 2004లో ఇరాకు తన జాతీయగీతముగా గ్రహించెను. ట్యునీసియాలో ఇరువదియైదేండ్లకే 1934లో మరణించిన అబుల్ కాసిం అష్షాబీ పంక్తులు ఆ దేశపు జాతీయగీతమునకు చివర చేర్చబడినవి. 2011 నాటి ప్రజావిప్లవమున వీథులలో మ్రోగినవి. కాని అచ్చట సగము పనిని బాణియు, గుంపును చేయుచున్నవి. పదిమందిలో నిలిచియున్నవానికి ఘోష చాలును. ఒంటరిగా, రాత్రివేళ, పరదేశమున మేలుకొనియున్నవానికి ఘోష చాలదు. వానికి ఒక వస్తువు కావలెను. మేము మాటలాడుచున్నది ఈ రెండవ కవిత్వమును గూర్చి.

1947లో అరబ్బీ ఛందస్సునకు ఒక గొప్ప మార్పు వచ్చెను. ఇరాకు కవయిత్రి నాజిక్ అల్ మలాయికా, ఆమె దేశీయుడే యగు బద్ర్ షాకిర్ అల్ సయ్యాబు, గణమును మాత్రము నిలిపి, పంక్తుల సమత్వమును విడిచి, క్రొత్తరీతి కవితలను ఆరంభించిరి. జంట తలుపుల యిల్లు కూలినది. ఈజిప్టులో కలరా చెలరేగిన వార్తలను విని మలాయికా వ్రాసిన కవిత ఆ యేటిదే. మరుసటి సంవత్సరముననే పాలస్తీనాలో ఏడులక్షలకు పైబడిన జనులు ఇల్లు వాకిళ్ళను కోలుపోయిరి. ఒకదానికి మరియొకటి కారణము కాదు. కాని క్రొత్త దుఃఖము వచ్చునప్పటికి దానికి క్రొత్త పాత్ర సిద్ధమై యుండెను.

సయ్యాబు 1926లో బస్రాకు సమీపమున ఖర్జూరపు తోటల నడుమనున్న జైకూరను పల్లెలో పుట్టెను. ఆ యూరును, దాని ప్రక్కన పారు బువైబను చిన్న యేరును ఆయనవలననే లోకమునకు తెలిసినవి. బాల్యముననే తల్లి మరణించెను. 1954లో వెలువడిన ఆయన వర్షగీతము ఆధునికారబ్బీ కవితలలో ప్రసిద్ధమైనది. అందు ప్రియురాలి కన్నులు తెల్లవారకముందటి ఖర్జూరవనములవలె కనబడును. ఆ స్త్రీ ప్రియురాలా, తల్లియా, ఇరాకు దేశమా? కవి చెప్పడు, చెప్పనక్కరయు లేదు. పిదప వాన ఆరంభమగును. వాన యను మాట పల్లవివలె మరల మరల కురియుచుండును. ఆ వాన పంటను పండించును. ఆ పంటను కాకులును, మిడుతలును తినును. ఏటేట వాన కురియుచునే యుండును. ఏటేట ఆ దేశమున ఆకలియు నుండును.

రైతులమైన మనకు దీనిని విడమరచి చెప్పవలసిన పనిలేదు. మబ్బు పట్టినపుడు కలుగు భావము ఒక్కటి కాదు. ఆశయు, భయమును కలిసియే యుండును. కురిసిన వాన తన గాదెను నింపునో, ఋణదాత గాదెను నింపునో తెలియదు. ఆశను, దుఃఖమును, కోపమును వేరువేరుగా పేర్కొని చెప్పినచో అవి మూడు వాక్యములగును. ఒకదాని వెనుక నొకటి వచ్చును. వాన యను ప్రతిబింబమున మూడును ఒక్కసారిగా నిండియుండును. రూపకల్పన కేవలము అలంకారము కాదనుట కిదియే కారణము. మనస్సులో కలిసియున్న భావములను కలిసినవి కలిసినట్లే అందించుటకు అంతకన్న వేరుమార్గము లేదు. మేఘమును జూచి యక్షుడు పొందిన వ్యథను చదివి యెరిగినవారికి ఈ రహస్యము క్రొత్తది కాదు. కాళిదాసు యక్షుని మబ్బు అలకాపురికి వార్త మోసెను. సయ్యాబు మబ్బు ఆకలిగొన్న పల్లెకు జవాబు బాకీపడెను.

ఈ కవి రాజకీయకారణములవలన ఇరాకును విడిచి ఇరానునకు, అచ్చటినుండి కువైటునకు పారిపోయెను. 1953లో కువైటు తీరమున కూర్చుండి ఆయన వ్రాసిన కవితలో దేశాంతరగతుడొకడు అలల మ్రోతలో ఇరాకు పేరునే వినుచుండును. కాఫీదుకాణము ప్రక్కగా పోవుచుండగా గ్రామఫోను పలక తిరుగుచుండును. ఆ తిరుగుటలో వాని బాల్యము, తల్లి కంఠము, చీకటిపడగానే భయము గొల్పు ఖర్జూరపు చెట్లు తిరిగివచ్చును. కట్టకడపటికి వాని దుఃఖము ఎచ్చట తేలును? చేతనున్న నాణెముల లెక్కలో. ఓడ బాడుగకు చాలినంత సొమ్ము లేదు. దేశప్రేమవంటి మహాభావమును దారిబత్తెము లెక్కకు దించుట కొందరికి చిన్నతనముగా తోచవచ్చును. మాకు అట్లు తోచదు. ప్రేమ యెంతటిదో ఆ చాలని నాణెములే చెప్పుచున్నవి.

ఆ కువైటు తీరము మనకు పరాయిది కాదు. కడపజిల్లానుండియు, కోనసీమనుండియు, కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండియు వేలకొలది తెలుగువారు బ్రతుకు తెరువునకై ఆ గల్ఫు దేశములకు పోయినారు, పోవుచున్నారు. సయ్యాబు కాలమున ఓడ, నేడు విమానము. ఋణము తీరి, టిక్కెట్టునకు డబ్బు కూడినప్పుడే యింటి మొగము చూతునని దినములు లెక్కించుకొను మనవాని మనస్సును, డెబ్బది యేండ్లకు పూర్వము అదే యిసుకలో కూర్చుండి ఒక ఇరాకీయుడు వ్రాసిపెట్టినాడు. సయ్యాబు వ్యాధిగ్రస్తుడై 1964లో కువైటు ఆసుపత్రిలోనే కన్నుమూసెను. షత్తల్ అరబ్బు నదీతీరమున, బస్రాలో, ఆయన విగ్రహము నిలిచియున్నది.

ఇంక పాలస్తీనా కవి మహమూద్ దర్వీషు. ఈయన కథ భూవసతి గలవారు ప్రత్యేకముగా వినదగినది. 1941లో ఆకా పట్టణమునకు తూర్పుననున్న బిర్వా గ్రామమున రైతుకుటుంబమున జనించెను. 1948లో ఏడేండ్ల బాలుడై యుండగా ఆ యూరు సైన్యమువశమై, కుటుంబము లెబనానునకు పారిపోయెను. కొంతకాలమునకు రహస్యముగా తిరిగివచ్చి చూడగా ఊరు నేలమట్టమై యున్నది. జనాభాలెక్కలనాటికి లేనివారగుటచే వారి పేరులు పట్టికలో చేరలేదు. 1950లో ఇస్రాయేలు చేసిన శాసనముచే, వెడలిపోయినవారి యాస్తులు ప్రభుత్వాధికారి వశమయ్యెను. దేశములోనే యుండియు భూమివిషయమున లేనివారుగా నెంచబడిన యిట్టివారికి 'ఉన్న గైరుహాజరీలు' అను పేరు వచ్చెను. పట్టా యున్నది, పట్టాదారుడున్నాడు, పొలము కంటి కెదుట నున్నది, కాని కాగితములో మనిషి లేడు.

ఇట్టివాడు వ్రాసిన కవిత్వము నినాదములతో నిండియుండునని మన మూహింతుము. 1964లో వెలువడిన ఆయన గుర్తింపుచీటి కవితలో నినాదస్వరము లేకపోలేదు. ఆ కవితవలననే ఆయన పేరు అరబ్బు దేశములన్నిట మారుమ్రోగినది. అందునను బలమైనవి, లెక్కలు వ్రాయు ఉద్యోగి యెదుట ఒక రాతిపనివాడు చెప్పుకొను బిడ్డల సంఖ్యయు, నాగలిపట్టిన తాతల ప్రసక్తియు. 1966 నాటి సంపుటములోని, తల్లిని గూర్చిన చిన్న కవిత యింకను లోతైనది. అందు దేశము పేరు లేదు. తల్లి చేతి రొట్టె, తల్లి కాచిన కాఫీ, ఆమె స్పర్శ మాత్రమే యున్నవి. మార్సెల్ ఖలీఫే దానికి బాణి కట్టగా అరబ్బులు ఇంటింట పాడుకొనిరి. చెరలోనున్న కుమారుడు అమ్మ రొట్టెను కోరుటలో దేశమంతయు నెట్లు ఇమిడినదో వారికి ఎవరును వివరింపనక్కర లేకపోయెను.

1995లో, ప్రవాసమున, ఏబదినాలుగేండ్ల ప్రాయమున, దర్వీషు తిరిగి 1948 నాటి రాత్రికి పోయెను. ఆ సంపుటమున తండ్రి కొడుకును తీసికొని ఊరు విడుచుచున్నాడు. ఎచ్చటికి పోవుచున్నామని బాలుడడుగును. గుఱ్ఱము నేల ఒంటరిగా వదలితివని యడుగును. ఇంటికి తోడుగా నుండుటకని తండ్రి చెప్పును. తన కాలుసేతులు ఉన్నవో లేవో తడవి చూచుకొనువానివలె తండ్రి తాళపుచెవిని తడవి చూచుకొని కుదుటపడును. ఆ తాళపుచెవి తిరుగ ప్రవేశింపని తలుపుదని చదువరికి తెలియును, తండ్రికి తెలియదు. ఈ యెఱుకల నడుమ నున్న యెడమునందే కరుణరసము పుట్టుచున్నది. తండ్రి యేడ్వలేదు, కవియు ఏడ్వలేదు, ఏడ్చునది చదువరి.

అదే కవితకు నాగజెముడు పేరున శీర్షిక యున్నది. పాలస్తీనా పల్లెలలో తోటలకు నాగజెముడు కంచె వేయుట వాడుక. ఇండ్లను కూల్చినను ఆ జెముడు మరల మొలచును. నేడును ఎన్నియో పాడుపడిన గ్రామముల పొలిమేరలను అదియే చూపుచున్నది. అరబ్బీలో ఆ మొక్క పేరునకును, మన సబూరి మాటకు మూలమైన సబ్ర్ అను పదమునకును ధాతువొక్కటే. గట్టు తగాదాలలో కంచెను సాక్ష్యముగా చూపు అలవాటు గల మనకు, మనుష్యులు లేని హద్దును చెట్టు కాపాడుట యెట్టిదో తెలియును.

ఇబ్రహీం తూకాను చెల్లెలు ఫద్వా తూకాను మొదట స్వకీయ వేదనలనే పాడుకొనెను. 1967 యుద్ధమున ఆమె నివసించు నాబ్లసు పరాక్రాంతమైన పిమ్మట ఆమె కవిత్వము దిక్కు మార్చుకొనెను. 1968లో ఆమె యాఫాలో కూలిన యిండ్ల నడుమ నిలిచి చెప్పిన కవితలో వేయిన్నర యేండ్లనాటి శిథిలోపక్రమము తిరిగివచ్చినది. ప్రాచీనునకు అది మర్యాద. ఆమెకు అది కంటి యెదుటి వాస్తవము. ప్రాచీనులు అచ్చట నిలిచి యేడ్చిరి. ఆమెయు తన కన్నులను ఏడ్వుమనియే చెప్పబోయి, తోటి యువకవులను చూచి, ఇక నేడ్వనని కన్నీటిని తుడుచుకొనెను. సంప్రదాయము తెలిసినవారికే ఆ తుడుచుకొనుటలోని ధైర్యము తెలియును. అట్లే ఇరాకు మహాకవి జవాహిరీ 1962లో ప్రాహాలో ప్రవాసియై, ఇంటిమనిషిని పలుకరించినట్లు దిజ్లానదిని పలుకరించెను. సిరియా కవి నిజార్ కబ్బానీకి దేశమనగా డమాస్కసులో తాను పుట్టిన యింటి మల్లెపందిరి; 1998లో లండనులో మరణించిన ఆయనను డమాస్కసుననే సమాధి చేసిరి.

ఇంత మెచ్చుకొనిన పిమ్మట ఒక హెచ్చరికయు చేయవలసియున్నది. ప్రతిబింబమునకును వార్ధక్యము కలదు. ఒకడు కన్నారచూచి చెప్పిన ఆలివుచెట్టు, నారింజపండు, తాళపుచెవి నూరుగురి నోటబడి గోడపత్రికలమీది బొమ్మలగును. అప్పుడు అవియు దేశభక్తి యను మాటవలెనే ఒట్టి పేరులగును. ఈ యపాయమును అందరికంటె ముందు గుర్తించినవాడు దర్వీషే. పాలస్తీనీయుడు వ్రాసినదని మాత్రమే తమ కవితల నెల్ల పొగడవలదనియు, ఆ నిర్దయమైన ప్రేమనుండి తమ్ము కాపాడుడనియు 1969లో ఆయన అరబ్బు విమర్శకులకు మొఱపెట్టుకొనెను. తనకు కీర్తి తెచ్చిన గుర్తింపుచీటి కవితను పిమ్మట సభలలో చదువుటకును ఆయన యిష్టపడలేదు. 2008లో మరణించువరకు క్రొత్త రూపములకై వెదకుచునే యుండెను. జాతి తన నోటిగా నెన్నుకొనిన కవి, జాతి కోరిన మాటను మరల మరల చెప్పక నిరాకరించుటయు దేశసేవయేయని మేము తలంతుము.

మన కవులకు దీనినుండి గ్రహింపవలసినది కలదు. రత్నగర్భ, అన్నపూర్ణ, సంకెళులు తెగిన తల్లి యను మాటలు మొదట పలికినవానికి కంటికి కట్టిన దృశ్యములే. నేడు వానిని వాడువారిలో ఎందరు వానిని చూచి వాడుచున్నారు? తెలుగునేలమీద ప్రాజెక్టులక్రింద మునిగిన గ్రామములున్నవి. వలసపోయినవారి తాళమువేసిన యిండ్లున్నవి. గట్టునడుమ ఒంటరిగా మిగిలిన తాడిచెట్లున్నవి. వానిని చూచి వ్రాసినచో దేశమను మాటను వాడకయే దేశమును చూపవచ్చును.

పాలస్తీనీయ శరణార్థులుగా నమోదైనవారు నేడు ఏబదిలక్షలకు పైబడియున్నారు. వారిలో పెక్కురు తాతల యూరిని చూడనివారు. వారికి ఆ యూరు దస్తావేజులలో లేదు, పటములలో లేదు. ఒక గుఱ్ఱముగా, ఒక రొట్టెగా, ఒక జెముడుకంచెగా కవితలలో నున్నది. కవులు దేశమును పొగడుటతో తృప్తిపడియుండినచో వారికి అదియు దక్కియుండెడిది కాదు.